సంగీత పత్రికల ముఖచిత్రములు



నేడు నేను ప్రసంగింపబోవు విషయము చూచుటకు చిన్నది. సంగీత పత్రికలును, పాటల పుస్తకములును ఎట్టి బొమ్మలను ముఖమున ధరించి మన యెదుటికి వచ్చినవి, ఆ బొమ్మలు మనల నెట్లు పిలిచినవి, పిలిచిన పిదప మాట నిలుపుకొన్నవా లేదా యనునదియే విషయము. ఇది పట్టణములందలి చిత్రకారులకును, ముద్రాపకులకును కావలసిన మాట గాని పల్లెలలోని పెద్దలకేమి పని యని మీరు తలపవచ్చును. మీ యిండ్ల అటుకలమీద నున్న పాత కాగితపు కట్టలతో దీనికి సంబంధము కలదు. ఆ సంగతి క్రమముగా మనవి చేసెదను.

మాది కొల్లేటి లంకలలో నొక గ్రామము. 1958వ సంవత్సరమున నాకు పదియేండ్ల వయస్సు. మా తాతగారు గురువునొద్ద కూర్చుండి సంగీతము నేర్చినవారు కారు. భజనలలోను, హరికథలలోను, పెండ్లి పందిళ్లలోని సన్నాయి మేళములలోను చెవియొగ్గి విని, ఇది తోడి, ఇది కాంభోజి యని చెప్పగలిగినంత జ్ఞానము సంపాదించినవారు. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. మా యూర పంచాయతీవారి రేడియోపెట్టె వచ్చిన తరువాత దాని యెదుటి అరుగుమీద తాతగారికొక స్థిరమైన చోటు ఏర్పడినది. వినిన కీర్తన సాహిత్యమును కంటితో చూడవలెనని, దాని స్వరమును తెలిసికొనవలెనని ఆయనకు మిక్కిలి కోరిక.

ఒకనాడు మా మేనమామ ఏలూరు పోవుచుండగా నన్నును ఆయన వెంట పంపిరి. దోనెపై ఒడ్డు చేరి, అచటనుండి ఎడ్లబండిపై పోయితిమి. బయలుదేరునప్పుడు తాతగారు నా చేత డబ్బులు పెట్టి, "సంగీతం పత్రిక ఏదైనా కనపడితే పట్టుకురా అబ్బాయీ, సినిమాది కాదు సుమా" అని చెప్పిరి. రైల్వేస్టేషను దగ్గర నొక కొట్టులో అడ్డముగా తాడు కట్టి, దానిపై పత్రికలను వ్రేలాడదీసియుండిరి. వానిలో నొకదానిపై మూడు రంగులలో సరస్వతీదేవి. తెల్లని చీర, హంస, తామరపూలు, చేత వీణ. లోపల నేమున్నదో నేను చూడలేదు. చూచినను నాకు తెలియదు. ఆ బొమ్మయే నన్ను పట్టి నిలిపినది. డబ్బులిచ్చి కొంటిని.

తాతగారు కండ్లజోడు పెట్టుకొని, పత్రికను వెలుతురునకు త్రిప్పి, చాలసేపు ఆ ముఖచిత్రమునే చూచిరి. పిదప, "ఏరా అబ్బాయీ, ఈ అమ్మవారిది పుర్రచేతివాటమా?" అనిరి.

అప్పుడు చూచితిని. వీణ కుండ దేవికి ఎడమవైపునను, యాళిముఖము కుడివైపునను ఉన్నవి. మెట్లమీద నుండవలసిన ఎడమచేయి తీగెలు మీటుచున్నది; మీటవలసిన కుడిచేయి మెట్లమీద నున్నది. చిత్రకారుడు తప్పు వ్రాయలేదని నేను పెద్దవాడనై అచ్చుకూటములలో తిరిగిన తరువాత తెలిసికొంటిని. ఆ కాలమున బొమ్మను అచ్చొత్తవలెనన్న దానిని ఛాయాచిత్రము తీసి, ఆ ఫిలిమునుండి లోహపు రేకుపై బ్లాకు చేసెడివారు. ఫిలిమును రేకుపై పరచునప్పుడు ఇటుది అటు పడినచో అద్దములోని బొమ్మవలె కుడి యెడమలు తారుమారగును. అక్షరములైనచో తలక్రిందులైనట్లు వెంటనే కనబడును. బొమ్మ విషయమున ఎవరును గమనింపరు. ఎవరును గమనింపరని అచ్చుకూటమువా రనుకొందురు.

తాతగారు రెండు దినములు ఆ పత్రికను విప్పలేదు. నాకు దుఃఖము వచ్చి అడిగితిని. "వీణ ఎటు పట్టుకోవాలో చూడనివాడు స్వరం సరిగ్గా వేశాడని ఏం నమ్మకంరా?" అని ఆయన యనిరి. ఈ మాట యెంత న్యాయమైనదో స్వరపరచిన కీర్తనను అచ్చులో చూచినవారికి తెలియును. మన లిపిలో స్వరాక్షరముపైన చుక్క పెట్టినచో తారస్థాయి, క్రింద పెట్టినచో మంద్రస్థాయి, చుక్క లేనిచో మధ్యస్థాయి. ఒక్క చుక్క రాలిపోయినచో పాట ఒక మెట్టు కాదు, ఒక స్థాయియే దిగిపోవును. అట్టి చుక్కలను నమ్మి పల్లెలోని మనుష్యుడు ఒంటరిగా కూర్చుండి పాట నేర్చుకొనవలెను. తప్పు దిద్దుటకు గురువు దగ్గర లేడు. కావున పత్రికవాని శ్రద్ధను అతడు దేనివలన అంచనా వేయవలెను? ముందుగా కనబడునది పైయట్టయే కదా.

ఈ సరస్వతి మన ముఖచిత్రములపైకి ఎచటనుండి వచ్చినదో కూడ కొంచెము చెప్పవలెను. రాజా రవివర్మ 1848 మొదలు 1906 వరకు జీవించిన చిత్రకారుడు. ఆయన 1894లో బొంబాయిలో ఒక ముద్రణాలయమును స్థాపించి, తాను వ్రాసిన దేవతామూర్తులను రాతి అచ్చుమీద రంగులలో వేలకొలది అచ్చొత్తించెను. అంతకుముందు గొప్పవారి మేడలకే పరిమితమైన చిత్రములు సామాన్యుల గోడలకును, దేవుని మూలలకును చేరినవి. వీణ ధరించిన సరస్వతి ఆ విధముగా ఇంటింట పరిచితురాలయ్యెను. ఆ వెనుక సంగీత పత్రిక పెట్టినవానికి ముఖచిత్రమునకై వెదకవలసిన శ్రమ లేకపోయినది. సరస్వతిని వేసినచో కాదనువాడు లేడు. అయితే పది పత్రికలవారును ఆమెనే వేసినప్పుడు దేని ముఖము దేనిదో పాఠకునికి తెలియదు. ఇది భక్తికి లోపమని కాదు. పిలుపులో విశేషము లేదని నా మనవి. పైగా బొమ్మనుండి బొమ్మ, దానినుండి మరియొక బొమ్మ తీయగా తీయగా వీణకు తీగె లెన్నియో, మెట్లెన్నియో చిత్రకారునికే తెలియని స్థితి వచ్చినది. నూజివీడు మనకు దూరము కాదు. 2022లో జిల్లాలు విడదీసిన తరువాత అది ఏలూరు జిల్లాలోనిదే. అచ్చట పనసకొయ్యను దొలిచి వీణలు చేయు పనివారు ప్రసిద్ధులు. నాలుగు వాయించు తీగెలు, మూడు తాళపు తీగెలు, మైనముపై నిలిపిన ఇరువదినాలుగు మెట్లు. ఒక పూట వారి ముంగిట కూర్చుండి చూచినచో ఏ చిత్రకారుడును ఆ లెక్క తప్పడు.

ఇక దేవత లేకుండ, గాయకుడు లేకుండ, వాద్యము లేకుండ సంగీతమును ప్రకటించిన బొమ్మ యొకటి కలదు. మీలో పెక్కుమంది ఎరుగుదురు. గ్రామఫోను పెట్టె యెదుట చెవులు రిక్కించి కూర్చున్న కుక్క. 'హిజ్ మాస్టర్స్ వాయిస్' అను ఆంగ్లపు పేరు పలుకలేనివారు సైతము కుక్కమార్కు ప్లేటు కావలెనని కొట్టులో అడిగెడివారు. దీనిని వ్రాసినవాడు ఫ్రాన్సిస్ బరోడ్ అను ఇంగ్లీషు చిత్రకారుడు. మొదట అతడు ఆ కుక్కను ఎడిసన్ పద్ధతి గొట్టపు యంత్రము ముందర కూర్చుండబెట్టెను. 1899లో లండనులోని గ్రామఫోను కంపెనీవారు దానిని కొనుచు, పాత యంత్రముపై రంగు పూసి తమ యంత్రమును వ్రాయవలెనని కోరిరి. చిత్రమునకు ఏబది పౌనులు, దానిపై హక్కునకు ఏబది పౌను లిచ్చిరి. ఆ కుక్క మన గ్రామములలో సంపాదించిన పరిచయమునకు ఆ ధర యే మూలకు?

ఆ బొమ్మలోని రహస్యమేమో నేను చాలకాలము ఆలోచించితిని. అది పాడువానిని చూపలేదు, వినువానిని చూపినది. వినుచున్న ప్రాణిని చూచినప్పుడు, ఏమి వినుచున్నదో మనమును వినవలెనని చెవి త్వరపడును. కాగితముమీది సంగీతమునకు ఇంతకంటె మంచి ఉపాయము నాకు కనబడలేదు. మన పత్రికలవా రెవరైన పందిటిలో హరికథ వినుచు కునికిపాట్లు మాని లేచి కూర్చున్న నలుగురు రైతుల ముఖములను పైయట్టపై వేసియుండినచో మా తాతగారు తప్పక కొనియుందురు.

సినిమా పాటల పుస్తకముల తీరు వేరు. 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చి తెలుగు బొమ్మ మాటాడ నారంభించిన తరువాత, ప్రతి చిత్రమునకు పాటల పుస్తకము సినిమాహాలు వాకిటనే అణాకో రెండణాలకో అమ్మెడివారు. పైయట్టపై నాయికా నాయకుల బొమ్మ. లోపల పాత్రధారుల పేర్లు, పాటలు, సగము కథ. కథ చిక్కున పడినచోట నిలిపి, మిగిలినది వెండితెరపై చూడుమని వ్రాసెడివారు. మూడు రంగుల బ్లాకులు చేయించుటకు అంత చవుక పుస్తకమునకు గిట్టదు. అందుచేత అచ్చుపనివారొక యుక్తి పన్నిరి. రోలరుకు సిరా అందించు తొట్టిలో ఒక చివర ఎరుపు, రెండవ చివర నీలము పోసినచో, రోలరు తిరుగునప్పుడు నడుమ ఆ రెండును కలిసి ఊదారంగగును. ఒక్క బ్లాకు, ఒక్క ఒత్తు; కాగితముమీద మూడు రంగులు. నాయిక కొప్పు ఎర్రగను, చీరకుచ్చెళ్లు నీలముగను పడినను ఎవరును ఆక్షేపింపలేదు. ఆ బొమ్మ శుద్ధమైన బేరపు బొమ్మ. తాను వేరొకటని చెప్పుకొనలేదు. మా మేనత్త పెట్టెలో అట్టివి ముప్పదికి పైగా ఉండెడివి. తాతగారు సినిమాది వలదన్నను, వానిలోని పాట యే రాగమో చెప్పుటకు మాత్రము వెనుదీయలేదు.

ఫాల్గుణమాసమున కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి తిరునాళ్లలో పుస్తకము లమ్మువారు నేలపై దుప్పటి పరచి కూర్చుండెడివారు. తత్త్వములు, మేలుకొలుపులు, భజన కీర్తనలు, పాటల పుస్తకములు. రాజమహేంద్రవరమున కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్, మన ఏలూరున వేంకట్రామ అండ్ కో వంటి ప్రకాశకులు పుస్తకవ్యాపారమున పేరుపొందిన కాలమది. చోటు చాలక పుస్తకములను ఇంటికప్పు పెంకులవలె ఒకదానిపై నొకటి పేర్చుటచే ఒక్కొక్కదాని పైభాగము నాలుగు వ్రేళ్ల మేర మాత్రమే కనబడెడిది. ఆ నాలుగు వ్రేళ్ల మేరలో పేరు లేని పుస్తకము సాయంకాలమునకు గంపలోనికి తిరిగి పోవలసినదే. పత్రికల పేర్లన్నియు తలమీదనే యుండుటకు కారణమిది. చిత్రకారులు దీనిని పుస్తకములలో చదివి నేర్చినను, అమ్మువాడు దుప్పటిమీదనే నేర్చెను.

అక్షరములను గూర్చి నాకొక చాదస్తము కలదు, మన్నింపుడు. తెలుగక్షరమునకు పైన తలకట్టు, గుడి, క్రింద వత్తు. వత్తులున్న పేరునకు క్రింద చోటు విడువవలెను గావున ఉన్న మేరలో అక్షరము చిన్నదై పోవును. వత్తు లేని పేరు నిండుగా నిలిచి దూరమునకు కనబడును. 1924లో పుట్టిన 'భారతి', 1947లో పుట్టిన 'చందమామ', ఇంకను 'యువ', 'వాణి', 'గానకళ' - ఈ పేర్లలో నొక్కదానికిని వత్తు లేదు చూడుడు. పెట్టినవారు ఇది తలచి పెట్టిరని నేననను. కాని తాడుమీద వ్రేలాడు పత్రికలలో నా పదేండ్ల కంటికి ముందుగా కనబడినవి ఇట్టివే. నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారు అక్షరమునే బొమ్మగా వ్రాసి చూపిన తరువాత ఈ చిక్కు కొంత తీరినది. వారి చేతివ్రాత నేడు యంత్రములలో అచ్చక్షరముగానే స్థిరపడినది.

'వాణి', 'గానకళ' అంటిని. వీనిని గూర్చి రెండు మాటలు. 'వాణి' రేడియోవారి తెలుగు పత్రిక. ఏ దినమున, ఏ గంటకు, ఎవరి పాట వచ్చునో అందు ముందుగా ప్రకటించెడివారు. అందుచేత దానిని కొనువానికి అది పత్రికయు, పంచాంగమును. ముఖపత్రముపై ఒక విద్వాంసుని ముఖము కనబడినచో, ఆ ముఖమునకు గొంతు ఫలానిదినమున వినవచ్చునని లోపలి పుట చెప్పెడిది. బొమ్మ చేసిన వాగ్దానమును రేడియో తీర్చెడిది. ఇట్టి సౌకర్యము మరి యే పత్రికకును లేదు. 'గానకళ' కాకినాడనుండి మునుగంటి శ్రీరామమూర్తిగారి సంపాదకత్వమున వెలువడిన సంగీత మాసపత్రిక. స్వరపరచిన కీర్తనలకును, సంగీత వ్యాసములకును అది నెలవు. దానిని కొనువాడు బొమ్మకై కాక లోపలి స్వరమునకై కొనువాడు. మదరాసు మ్యూజిక్ అకాడమీవారు 1930లో ఆరంభించిన పత్రిక తీరును ఇట్టిదే. అది పండితులకై పుట్టినది. పైయట్టకు రంగుల హంగు కోరలేదు. అలంకారము లేకుండుటయు నొక విధమగు పిలుపే. అయితే ఆ పిలుపు ముందే ఎరిగినవారికే వినబడును. స్టేషను కొట్టుముందు నిలిచిన పదేండ్ల పిల్లవానికి వినబడదు. వాడు వినకున్న రేపటి చందాదారు డెవరు?

పైయట్ట సంగీతమును అమ్మగలదా యను సందేహమును ఇతర దేశమువారు ప్రయోగించి తీర్చుకొనిరి. అమెరికాలో కొలంబియా కంపెనీవారు గ్రామఫోను రికార్డుల సంపుటములను ఏ బొమ్మయు లేని బూడిదరంగు, గోధుమరంగు అట్టలలో అమ్ముచుండిరి. 1940లో అలెక్స్ స్టైన్‌వైస్ అను ఇరువదిమూడేండ్ల చిత్రకారుడు ఒక్కొక్క సంపుటమునకు ఒక్కొక్క బొమ్మ వేయుదునని అధికారులను ఒప్పించెను. బొమ్మలట్టలు వేసినవి త్వరగా అమ్ముడుపోవుట చూచి ఇతర కంపెనీలవారును అదే త్రోవ పట్టిరి. పిదప 1967 నవంబరు 9వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కోలో 'రోలింగ్ స్టోన్' పత్రిక మొదటి సంచిక జాన్ లెనన్ అను గాయకుని ముఖముతో వెలువడినది. తలపై సైనికుని టోపీ; చలనచిత్రములోని వేషమది. గాయకుని ముఖమే పత్రిక ముఖమగుట అప్పటినుండి మరింత బలపడినది. మన ప్రక్కనే మదరాసులో 1983లో పట్టాభిరామన్‌గారు స్థాపించిన 'శ్రుతి' సంగీత నృత్యములకు సంబంధించిన ఆంగ్ల మాసపత్రిక. దానిపైనను కళాకారుల ఛాయాచిత్రములే.

ముఖము వేయుటలో లాభమున్నది. మనుష్యుని కన్ను ముందుగా మనుష్యుని కంటినే వెదకును. కాని మన సంగీతమున నొక చిక్కు కలదు. ఆలాపన నడుమ తీసిన ఛాయాచిత్రములో ఎంతటి విద్వాంసుడైనను పంటినొప్పి గలవానివలె కనబడును. నోరు తెరచి, కనులు మూసి, చేయి గాలిలో. వినువారికి ఆ క్షణము స్వర్గము; చూచువారికి హాస్యము. అందుచేత పత్రికలవారు శాలువా కప్పుకొని కదలక కూర్చున్న ఛాయాచిత్రమును వేయుదురు. అప్పుడాయన గాయకుడో, విశ్రాంతి పుచ్చుకొనిన తహశీల్దారో తెలియదు. ఈ రెంటి నడుమ నున్న క్షణము, అనగా పాట ముగిసి తంబుర ఇంకను మ్రోగుచున్న క్షణము, పట్టగలిగిన ఛాయాగ్రాహకులు అరుదు.

ఇక మొదట చెప్పెదనన్న మాట.

తాతగారు తరువాత తరువాత పత్రికలు తెప్పించిరి. పోస్టుమాను దోనెలో తెచ్చి యిచ్చెడివాడు. ప్రతి సంచిక పైయట్టమీద, బొమ్మ ప్రక్కనున్న తెల్లని చోట, ఆయన పెన్సిలుతో ఏదో వ్రాసెడివారు. ఫలాని రాత్రి ఫలానివారి పాట వింటిని; శంకరాభరణము, మనస్సు నిండినది; గాలివాన, రేడియో పలుకలేదు; ఇట్టివి. ఆయన పోయిన తరువాత ఆ పత్రికలు నాకు వచ్చినవి. చెదల పాలగునేమో యను భయముచే నేను వానిని ఒక పట్టణమున బైండుచేయువానికిచ్చితిని. నెల దినములకు ఎనిమిది సంపుటములు చక్కని కాలికో అట్టలతో, బంగారు అక్షరములతో వచ్చినవి. విప్పి చూతును గదా, ఒక్కదానికిని పైయట్ట లేదు. దళసరి కాగితము కుట్టుకు అడ్డమని, ప్రకటనల పుటలతో పాటు ముఖపత్రములను కూడ చించి పారవేసినాడట. "అందరూ అలాగే చేయిస్తారండీ" అని అతడు సమాధానము చెప్పెను. అతడు చెప్పినది నిజమే. తప్పు నాది, ముందుగా చెప్పనైతిని. తాతగారి పెన్సిలు వ్రాత యంతయు ఆ చిత్తుకాగితములలో పోయినది.

అతడు నిజము చెప్పెనని తరువాత గ్రంథాలయములలో చూచి తెలిసికొంటిని. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టిన నాటినుండి మన యూళ్లలో ఎందరో మహనీయులు గ్రంథాలయములు నిలిపి పత్రికలను కాపాడిరి. వారి ఋణము తీర్చలేము. కాని బైండు చేయించిన సంపుటములు పెక్కింట ముఖపత్రములు లేవు. నేడు యంత్రములపై ఎక్కించుచున్న పాత పత్రికలు ఆ సంపుటములనుండి తీసినవే గనుక అందును పెక్కింటికి ముఖము లేదు. వ్యాసమున్నది, స్వరమున్నది, ఆ సంచిక ఏ రంగులలో వెలువడినది, కొట్టుముందు నిలిచినవానిని దేనితో పిలిచినది మాత్రము తెలియదు. ముఖపత్రము చెడకుండ మిగిలియుండునెడల అది బైండు కాని యిండ్లలోనే మిగిలియుండవలెను. అనగా మీ యటుకలమీద, ధాన్యపు గదుల గూళ్లలో, కోడండ్రు తెచ్చుకొనిన పెట్టెల అడుగున.

మనది నీటి దేశము. బుడమేరు, తమ్మిలేరు పొంగినచో కొల్లేరు నిండును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమునకు చేర్చునంతవరకు గోడలు చెమ్మగిల్లుచునే యుండును. కాగితమునకు ఈ దేశము అనుకూలము కాదు. కావున మీ యింట పాత సంగీత పత్రిక గాని, 'వాణి' సంచిక గాని, పాటల పుస్తకము గాని, రికార్డుల పట్టిక గాని ఉన్నయెడల, వర్షములు రాకముందే క్రిందికి దింపి, నీడపట్టున ఒక పూట ఆరవేసి, పైయట్ట చినుగకుండ కాగితపు సంచిలో పెట్టింపుడు. బైండు చేయింపదలచితిరేని ముఖపత్రములను ముందుగానే జాగ్రత్తగా విడదీసి, దేనిది దానిపై నెల, సంవత్సరము వ్రాసి, వేరుగా దాచుడు. కుట్టువానితో ఈ మాట నోటితో చెప్పుట చాలదు. చీటిమీద వ్రాసి యిండు. మనుమలచే చేతి ఫోనులో ఒక్కొక్క పైయట్టకు ఛాయాచిత్రము తీయించి ఊరి గ్రంథాలయమున కిప్పింపుడు. దీనికి కాసు ఖర్చు లేదు.

మా యింట నొక్క ముఖచిత్రము మిగిలినది. ఆ పుర్రచేతి సరస్వతియే. పత్రిక యెట్లున్నను అమ్మవారి బొమ్మను కాలితో త్రొక్కబడనీయరాదని, తాతగారు ఆ పైయట్టను విడదీసి, తమ భోషాణపు మూతకు లోపలివైపున మైదాపిండితో అంటించిరి. అందుచేత అది బైండువాని చేత పడలేదు. ఎరుపు వెలిసినది, పసుపు, నీలము నిలిచినవి. హంస మెడ ప్రక్కను పెన్సిలుతో సన్నని వ్రాత కలదు: "అబ్బాయి ఏలూరినుండి తెచ్చినది. వీణ తప్పు. లోపలి స్వరము సరిగానే యున్నది."